ఆటలో మరణము – ఆటగాని కన్నీరు

కల్పితమైన కథలో కల్పితమైన మనుష్యుడు మరణించినప్పుడు నిజమైన కన్నీరు వచ్చుట ఎందువలన? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పల్నాటి వీరుల కథ వినువారికి బాలచంద్రుడు కారెంపూడి యుద్ధరంగమునుండి మఱలి రాడని ముందే తెలియును. అభిమన్యునకు పద్మవ్యూహములో ప్రవేశించుటయే గాని బయటపడుట తెలియదని పసిపిల్లలు సహితము ఎఱుగుదురు. ఎఱిగియు ఏడ్తురు. మఱల కథ చెప్పించుకొని మఱల ఏడ్తురు. మన ఆలంకారికులు దీనికి కరుణరసమని పేరిడి, శోకము దానికి స్థాయిభావమని నిరూపించిరి. భవభూతి మహాకవి ఉత్తరరామచరితమున కరుణమునకే అగ్రస్థాన మిచ్చెను. కావున కథ విని కన్నీరు పెట్టినవానిని మన ఊళ్ళలో ఎవరును వెఱ్ఱివాడనలేదు, మనసున్నవాడనియే అనిరి.

నేడు మన ఇండ్లలో ఇదే కన్నీరు మఱొక తావున కనబడుచున్నది. పదునైదేండ్ల పిల్లవాడు కంప్యూటరు ముందో, టెలివిజను ముందో కూర్చుండి వీడియో ఆట ఆడుచుండును. ఉన్నట్టుండి చేతులు ఆగును. ముఖము చిన్నబోవును. "ఏమిరా నాయనా?" అని తల్లి అడిగినచో, "ఆమె చనిపోయినదమ్మా" అనును. ఎవరో ఏమో అని ఇల్లంతయు ఉలికిపడి, తీరా అది ఆటలోని బొమ్మ అని తెలియగానే నవ్వును. రాత్రి రేడియో నాటకము విని కొంగుతో కన్నులొత్తుకొనిన అమ్మమ్మయే, "బొమ్మ చచ్చినదని ఏడ్తువా? మఱల మొదటినుండి ఆడుకొనరాదా?" అని ఎగతాళి చేయును. పిల్లవాడు మాటాడక లోనికి పోవును. ఆ తరువాత అట్టి సంగతి ఇంటిలో ఎవరికిని చెప్పడు. ఈ నవ్వు న్యాయమైనదేనా అను విషయమును నేడు కొంచెము విచారింపదలచినాము.

నవ్వువారి పక్షమున న్యాయము లేకపోలేదు. ఆటలో చచ్చుటను మనము మరణముగా ఎంచము. మన చెడుగుడు ఆటనే చూడుడు. కూతకు పోయి పట్టుబడినవాడు 'చచ్చినాడు'. వాడు గీతకు వెలుపల కూర్చుండును. తనవారు ఎదుటి పక్షమువాని నొకనిని పట్టగానే బ్రదికి బరిలోనికి వచ్చును. చచ్చినందులకు వానికి కలుగు విచారమెల్ల ఆ కొంచెముసేపు ఊరక కూర్చుండవలసి వచ్చెనే అనునంతవఱకే. వీడియో ఆటలును మొదట ఈ దారినే నడచినవి. 1978లో జపానునుండి వచ్చిన 'స్పేస్ ఇన్వేడర్స్'లోను, 1980 నాటి 'పాక్‌మాన్'లోను ఆటగానికి ఇన్ని ప్రాణములని లెక్కకట్టి ఇచ్చిరి. ఒకటి పోయినచో మఱొకటి ఉండును. అన్నియు పోయినచో యంత్రములో మఱొక నాణెము వేయవలెను. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్'లో మారియో గోతిలో పడి ఎన్ని మారులు చచ్చెనో లెక్కించినవాడు లేడు. వానికై ఏడ్చినవాడును లేడు.

ఇట్టి చోట శోకమునకు తావెట్లు కలిగినది? దీనికి సమాధానమును 1983లో అమెరికాలో ఇన్ఫోకామ్ అను సంస్థ వెలువరించిన 'ప్లానెట్‌ఫాల్' అను ఆటలో చూడవచ్చును. దానిని వ్రాసినవాడు స్టీవ్ మెరెట్స్కీ. ఆ ఆటలో బొమ్మలు లేవు, సంగీతము లేదు. తెరమీద అక్షరములు మాత్రమే కనబడును. ఏమి చేయదలచినదియు ఆటగాడు మాటలలో వ్రాసి తెలుపవలెను. అంతరిక్షనౌకలో పనిచేయు చిన్న ఉద్యోగి యొకడు, నౌక ప్రమాదమునకు లోనుకాగా, నిర్జనమైన గ్రహముమీద దిగును. అచ్చట వానికి ఫ్లాయిడ్ అను యంత్రమానవుడు దొరకును. మీట నొక్కి వానిని మేల్కొల్పినది మొదలు వాడు ఆటగాని వెంటబడి తిరుగును. దాగుడుమూతలాడుదమని వేధించును, పసివానివలె వదరును, విసుగు పుట్టించును. నవ్వు పుట్టించును. ఆ గ్రహముమీద ఆటగానికి వాడొక్కడే తోడు.

కొంత ఆట నడచినపిమ్మట ప్రయోగశాలలో చిక్కుపడియున్న యొక కార్డు అవసరమగును. లోపల వికృతజంతువులు తిరుగుచుండును. ఆటగాడు పోయినచో చావు తప్పదు. ఫ్లాయిడ్ తానే పోయెదనని ముందుకు వచ్చును. ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. తలుపు తెఱువుమని వ్రాయవలసినవాడు ఆటగాడే. వాడు లోనికి దూరగానే మూయుమని వ్రాయవలసినవాడును ఆటగాడే. లోపలినుండి శబ్దములు వినబడుచుండగా, తలుపుమీద తట్టుట వినబడువఱకు ఊరకుండవలసినవాడును ఆటగాడే. ఫ్లాయిడ్ కార్డు తెచ్చును. కాని చీలికలు పేలికలై వచ్చును. ఆటగాని ఒడిలో తలయుంచి, తనకిష్టమైన పాట వినుచు కన్ను మూయును. ఆట ముగింపున వానిని మఱల బాగుచేసినట్లు చూపిరి గాని, ఆ సంగతి అప్పటికి ఆటగానికి తెలియదు. కంప్యూటరు ఆట ఆడుచు కంటతడి పెట్టితిమని ఆ దినములలో ఆడిన పెక్కండ్రు చెప్పుకొనిరి.

తోలుబొమ్మలాటలో తెరకు ఈవల కూర్చుండి చూచువారు వేఱు. ఆవల దీపపు వెలుగులో బొమ్మను ఆడించువాడు వేఱు. చూచువానికి కన్నీరు వచ్చును, కాని బొమ్మ పడుటలో వాని ప్రమేయము లేదు. ఆడించువాని చేతిలోనే బొమ్మ పడును, కాని కథ యెల్ల వానికి కంఠస్థము. వీడియో ఆటలో ఈ ఇరువురును ఒక్కడే యగును. బొమ్మను కదల్చువాడు తానే. తరువాత ఏమి జరుగునో తెలియక ఎదురుచూచువాడును తానే. ఇట్టి స్థితి హరికథలో గాని, నవలలో గాని, సినిమాలో గాని లేదు. అభిమన్యుని పద్మవ్యూహములోనికి పంపినది ధర్మరాజు, మనము పంపలేదు. ఫ్లాయిడ్‌ను ప్రయోగశాలలోనికి పంపి తలుపు మూసినది ఆటగాని చేయి. ఆటలోని మరణము మనస్సును తాకు మార్గము చేతినుండియే బయలుదేరునని మా అభిప్రాయము. మఱి కొన్ని నిదర్శనములు చూపుదుము.

ఈ విషయమున లోకమంతట ప్రసిద్ధికెక్కినది ఎరిత్ అను యువతి మరణము. జపానుదేశమందలి స్క్వేర్ సంస్థ 1997 జనవరిలో విడుదల చేసిన 'ఫైనల్ ఫాంటసీ 7' అను ఆటలో ఆమె యొక పాత్ర. మిడ్‌గార్ అను మహానగరములో పూలు అమ్ముకొను పిల్ల. పొగతోను ఇనుముతోను నిండిన ఆ నగరమునందు పేదల వాడలోని శిథిలమైన చర్చిలో పూలు పూయును. వానిని పెంచునది ఆమెయే. కథానాయకుడగు క్లౌడ్ ఆమెను మొదట వీధిలో చూచినప్పుడు, ఆటగానికి ఇష్టమైనచో ఒక నాణెమిచ్చి ఆమెవద్ద పువ్వు కొనవచ్చును. పిమ్మట ఆమె తోడు వచ్చును. ఆటగాడు ఆమెకు ఆయుధములు కొనిపెట్టును, నేర్పు పెంచును, యుద్ధములో గాయపడినవారికి ఆమెచే చికిత్స చేయించును. ఇట్లు పదుల గంటలు గడచును. ఇంటిలోని మనిషివలె ఆమెకు ఒక స్థానము, ఒక పని ఏర్పడును.

మూడు డిస్కులలో వచ్చిన ఆ ఆటలో మొదటి డిస్కు ముగియుచుండగా, ఒక పాడుపడిన నగరములో ఆమె మోకరిల్లి ప్రార్థించుచుండును. ఆటగాడు క్లౌడ్‌ను ఆమె సమీపమునకు నడిపించును. శత్రువు మాయలో పడిన క్లౌడ్, ఆటగాడు మీట నొక్కుచుండగా, ఆమెమీదనే ఖడ్గమెత్తును. తోడివారి కేకలకు మేల్కొని ఆగును. బ్రదుకుజీవుడా అని ఆటగాడు ఊపిరి పీల్చుకొనునంతలో పైనుండి సెఫిరోత్ అను ప్రతినాయకుడు దిగివచ్చి ఆమెను పొడుచును. ఆమె జడలోని మణి జారి మెట్లమీద ఎగిరెగిరి పడుచు నీటిలో కలియును. వెంటనే యుద్ధము ఆరంభమగును. కాని యుద్ధమునకు తగిన భేరీధ్వానములు వినబడవు. నొబువొ ఉఎమాట్సు కూర్చిన ఎరిత్ రాగమే మెల్లగా సాగుచుండును. యుద్ధము ముగిసినపిమ్మట క్లౌడ్ ఆమె దేహమును చేతులమీద ఎత్తి, నీటిలో దిగి, మెల్లగా విడిచిపెట్టును.

ఆటగాండ్రు దీనిని నమ్మలేకపోయిరి. అందులకు కారణ మున్నది. ఆ ఆటలోనే ఫీనిక్స్ పక్షి ఈక యొకటి దొరకును. యుద్ధములో పడిపోయినవారిమీద దానిని ప్రయోగించినచో లేచి నిలుచుందురు. అంతకుముందు ఎరిత్ ఎన్నిమారులో అట్లు లేచినది. ఈ మారు లేవదు. ఆట నేర్పిన న్యాయమునే ఆట తప్పినది. చెడుగుడులో చచ్చి గీతవెలుపల కూర్చున్నవాడు ఎంత పిలిచినను మఱల రాకపోయినచో ఎట్లుండునో, అట్లున్నది ఆ పిల్లలకు. ఆమెను బ్రదికించు రహస్యమార్గమొకటి కలదని వదంతులు పుట్టి ఏండ్లతరబడి దేశదేశముల వ్యాపించినవి. ఎందఱో వెదకిరి. అట్టి మార్గమేదియు లేదు.

దీనిని కల్పించినవారికి ఈ ఉద్దేశము ముందునుండియు ఉన్నది. ఆ ఆటల పరంపరకు ఆద్యుడగు హిరొనొబు సకగుచి, మూడవ ఆట తయారగుచున్న కాలములో తన తల్లిని కోల్పోయెను. అప్పటినుండి ప్రాణమనగా నేమి అను ఆలోచన ఆయనను విడువలేదు. ఏడవ ఆటకు దర్శకుడైన యొషినొరి కిటాసె తన భావమును తరువాత వివరించెను. కథలలో వీరులు పెద్ద సంభాషణలు పలికి, త్యాగము ప్రకటించి మరణింతురు. లోకములో మనుష్యులు వ్యాధివలననో, ప్రమాదమువలననో హఠాత్తుగా పోవుదురు. మిగిలినవారికి ఘనమైన భావమేదియు మిగులదు, వెలితి మాత్రము మిగులును. ఆ వెలితినే చూపదలచితిమి అని దాని సారాంశము. వారు చూపినది అదియే. ఎరిత్ పోయినపిమ్మట ఆటగాడు తన బృందమును తెఱచి చూచుకొనును. ఆమె పేరు ఉండదు. ఆమె నేర్చిన విద్యలు ఉండవు. గాయపడినవారికి చికిత్స చేయించుటకు చేయి అలవాటుగా ఆమె వైపునకు పోవును. ఇంటిలో ఒకరు పోయినపిమ్మట అన్నము వడ్డించునప్పుడు ఒక విస్తరి ఎక్కువ వేసి, గతుక్కుమని ఆగిన తల్లులకు ఈ సంగతి వేఱుగా వివరింపనక్కఱలేదు. అదే కథను క్రొత్తగా నిర్మించి 2020లో మొదటి భాగమును, 2024లో రెండవ భాగమును విడుదల చేసినప్పుడు, నడివయస్సు వచ్చిన ఆనాటి పిల్లలు ఈసారియైనను ఆమె బ్రదుకునా అని ఎదురుచూచిరి. 27 ఏండ్లు నిలిచిన శోకమును బొమ్మమీది మోజని కొట్టివేయుట తగదు.

చేతికిని శోకమునకును గల సంబంధమును ఇంతకంటె స్పష్టముగా చూపిన ఆట యొకటి 2013లో స్వీడను దేశమున వెలువడినది. దాని పేరు 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్'. దర్శకుడు జోసెఫ్ ఫారెస్. జబ్బుపడిన తండ్రికి జీవజలము తెచ్చుటకు అన్నదమ్ములిరువురు బయలుదేరుదురు. ఆటగాని ఎడమచేయి అన్నను నడుపును, కుడిచేయి తమ్ముని నడుపును. వారు మాటాడు భాష ఏ దేశమునందును లేని కల్పితభాష. కావున ఒక్క మాటయు అర్థము కాదు. తల్లి నీట మునిగి చనిపోవుట చూచిన తమ్మునికి నీరనిన భయము. ఎక్కడ ఏరు అడ్డమువచ్చినను అన్న వీపు పట్టుకొనియే దాటును. ఇట్లు కొన్ని గంటలు రెండు చేతులును కలిసి పనిచేయుటకు అలవాటుపడును.

జీవజలపు వృక్షము చేరువ కాగా అన్న గాయపడి మరణించును. వానిని గోతిలోనికి లాగి మన్ను కప్పు పని ఆటగాడు స్వయముగా చేయవలెను. అంతటినుండి ఎడమచేతికి పని ఉండదు. అది ఊరక మీటమీద నిలిచియుండును. ఇల్లు కనుచూపు మేరలోనికి వచ్చినప్పుడు వానలో పొంగిన ఏరు అడ్డమగును. తమ్ముడు నీటిలో దిగలేక నిలిచిపోవును. ఏమిచేసినను ముందుకు పోడు. ఆటగాడు ఆలోచించి ఆలోచించి, ఏదో తోచి, అన్నకు చెందిన మీటను నొక్కును. తమ్ముడు ఈదుట మొదలుపెట్టును. ఒక్క మాట లేదు. పోయిన అన్న ధైర్యము తమ్మునికి వచ్చినదని ఎడమచేతి వ్రేలికి తెలియును. మన ఇండ్లలో తండ్రి పోయినపిమ్మట ఆయన నడిపిన నాగలినో, ఆయన కూర్చున్న దుకాణపు పీటనో మొదటిమారు చేపట్టిన కుమారుని మనస్సు ఎట్లుండునో, ఇదియు అట్టిదే.

పోయినవారికై విచారమొక్కటే గాక, మన పొరపాటున పోయిరే అను పశ్చాత్తాపము కలిగించు ఆటలును కలవు. 1990లో జపానులో ఆరంభమైన 'ఫైర్ ఎంబ్లెమ్' అను యుద్ధపుటాటలో ప్రతి సైనికునకును ఒక పేరు, ఒక ముఖము, ఒక కథ ఉండును. ఆటగాని ఎత్తు తప్పి ఒకడు పడిపోయినచో ఇక లేడు. ఒక్కని కొఱకు ఆ యుద్ధమంతయు మొదటినుండి ఆడువారు ఎందఱో. ఈ బాధ కొందఱికి భారమగుచున్నదని గ్రహించి, 2010లో వచ్చిన ఆటనుండి, పడినవారు తరువాతి యుద్ధమునకు తిరిగివచ్చు మార్గమును గూడ కోరినవారికి కల్పించిరి. 2012 నాటి 'ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్'లో సైనికులకు ఆటగాడు తన ఇష్టము వచ్చిన పేర్లు పెట్టుకొనవచ్చును. పెక్కండ్రు మిత్రుల పేర్లు, బంధువుల పేర్లు పెట్టుదురు. వారిలో ఒకడు తన ఆజ్ఞవలన పోయినచో, స్మారకఫలకముమీద ఆ పేరు చూచి నొచ్చుకొందురు. 1996లో జపానులో బందై సంస్థ అమ్మకమునకు పెట్టిన 'టమగోచి' గ్రుడ్డంత చిన్న బొమ్మ. దానిలోని ప్రాణికి వేళకు తిండి పెట్టి శుభ్రము చేయకున్న చచ్చును. పిల్లలు దానిని బడికి తీసికొనిపోవుట, పలుచోట్ల బడులలో నిషేధించుట, పిల్లలు బడికి పోయినపిమ్మట తల్లులు దానికి తిండి పెట్టుచు కూర్చుండుట ఆ దినములలో వింతగా చెప్పుకొనిరి. పాలుపోయు బాధ్యత తనదైనప్పుడు బొమ్మపిల్లియైనను పిల్లియే యని ఆ పిల్లలకు తోచినది.

మరణము హఠాత్తుగా రాక మెల్లగా వచ్చునప్పుడు మనుష్యుడు ఏమి చేయును? 2018లో వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ఈ ప్రశ్నను ఆటగాని చేతిలో పెట్టినది. కథాకాలము 1899. ఆర్థర్ మోర్గన్ అను బందిపోటు, అప్పు వసూలునకు పోయి జబ్బుపడిన పేదరైతు నొకనిని కొట్టును. కొట్టించువాడు ఆటగాడే. ఆ రైతు దగ్గినప్పుడు తుంపరలు ఆర్థర్ ముఖముమీద పడును. చాల కాలము గడచినపిమ్మట వైద్యుడు అతనికి క్షయ అని చెప్పును. ఆ కాలమున దానికి మందు లేదు. అప్పటినుండి ఆటగాడు చావు నిశ్చయమైన మనుష్యుని నడిపించుచుండును. దగ్గు వచ్చును, ఒళ్ళు చిక్కును. మిగిలిన దినములలో దోపిడియే చేయునో, తాను చెఱచిన కాపురములకు కొంతయైన మేలు చేయునో నిర్ణయించుకొనవలసినవాడు ఆటగాడు; ఆర్థర్ ముగింపు దానినిబట్టి మాఱును. చివరి పరుగులో అతని గుఱ్ఱము కూలిపోగా, తరుముకొని వచ్చువారిని లెక్కచేయక, దాని మెడపై చేయివేసి కృతజ్ఞత చెప్పుకొనును. మనుష్యుని చావుకంటె గుఱ్ఱపు చావునకే ఎక్కువ ఏడ్చితిమని చెప్పినవారు కొందఱు కలరు. ఆట పొడవునను దానికి మేత పెట్టి, ఒళ్ళు తోమినది వారి చేతులే గదా.

ఇంతవఱకు చెప్పినవి కల్పితమరణములు. నిజమైన మరణము ఆటయైన సందర్భము నొకదానిని చెప్పవలెను. అమెరికాలో రయాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ అను దంపతుల కుమారుడు జోయెల్‌కు ఏడాది వయస్సులో క్యాన్సరు వచ్చినది. ఆ బాలుడు 2014 మార్చిలో అయిదేండ్ల ప్రాయమున మరణించెను. వాడు బ్రదికియున్న కాలమందే తల్లిదండ్రులు మొదలుపెట్టిన ఆట 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అను పేర 2016 జనవరిలో వెలువడినది. దానిలో ఒక రాత్రి ఆసుపత్రి గదిలో బిడ్డ ఆపక ఏడ్చుచుండును. తండ్రి ఎత్తుకొనును, ఊపును, త్రాగుట కిచ్చును. ఆటగాడు ఏ మీట నొక్కినను ఏడ్పు ఆగదు. ఆటలన్నిటిలోను ఏదో యొక మీట పనిచేయుననెడు నమ్మకమున్నది గదా. ఆ నమ్మకము ఇచ్చట విఫలమగును. చివరకు తండ్రికి ప్రార్థన తప్ప గతి లేకపోవును. జబ్బుపడిన బిడ్డ ప్రక్కను రాత్రులు గడపినవారికి ఆ అసహాయత తెలియును. తెలియనివారికి దానిని తెలుపుటకు ఆ తల్లిదండ్రులు ఎన్నుకొన్న సాధనము ఆట.

శోకము దారి తప్పుటయు కలదు, దానినిగూడ దాచరాదు. 2013లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అజ్' అను ఆట ఒక బాలిక మరణముతో మొదలగును; ఆమె తండ్రి జోయెల్. ఆటగాండ్రు అతనిని ఎంతో ప్రేమించిరి. 2020 జూనులో వెలువడిన రెండవ ఆటలో ఆబీ అను యువతి అతనిని చంపును. ఆమె తండ్రిని జోయెల్ చంపియుండెను; అందులకది ప్రతీకారము. అంతటితో ఆగక, సగము ఆట గడచినపిమ్మట ఆ ఆబీనే ఆటగాని చేతికిచ్చి నడుపుమనిరి. ఆమె కన్నులతో చూచినప్పుడు ఆమె దుఃఖమును దుఃఖమేయని తెలియవలెనని వారి ఉద్దేశము. పెక్కండ్రకు తెలిసినది. కొందఱు మాత్రము కోపమును అణచుకొనలేక, ఆబీకి గొంతు నిచ్చిన లారా బెయిలీ అను నటిని చంపెదమని బెదరించుచు సందేశములు పంపిరి. ఆమె వానిని లోకమునకు చూపవలసివచ్చినది. దుర్యోధన పాత్ర ధరించిన నటుని వేదిక దిగగానే కొట్టుటకు పోయినవాడు రసికుడు కాడు. కల్పితమైన మరణమునకు ఏడ్చుట మనసున్న లక్షణము; దానికై బ్రదికియున్న మనుష్యుని బాధించుట ఆ మనస్సును పోగొట్టుకొనుట. ఈ తేడాను పిల్లలకు చెప్పవలసినవారు పెద్దలే. నవ్వి పంపివేసిన ఇంటిలో ఈ మాట చెప్పు అవకాశము పెద్దలకు దొరకదు.

కావున గృహస్థులైన శ్రోతలకు మా మనవి యిది. పిల్లవాడు ఆటలోని మరణమునకు కంటతడి పెట్టినప్పుడు నవ్వకుడు. అటులని ఇంటిలో ఎవరో పోయినట్లు హడావుడియు చేయనక్కఱలేదు. ప్రక్కను కూర్చుండి, "ఎవరామె? ఏమి చేసెడిది? నీవు ఏమి చేసియుండవలసినదని తోచుచున్నది?" అని అడుగుడు. పిల్లలు చెప్పుదురు. ఒకనికి అది ఎరిత్ కథతో ముగియును. మఱొకనికి పోయిన సంవత్సరము కాలము చేసిన తాతగారి మాట బయటికి వచ్చును. తాతగారు పోయిన దినమున ఇల్లంతయు చుట్టములతో నిండి, వానిని పలుకరించినవారు లేకపోయిరేమో. అప్పుడు ఏడ్వనివాడు ఇప్పుడు ఏడ్చుచున్నాడేమో. ఆట ముగిసి దినములు గడచినను తిండి నిద్ర సరిగా లేక పిల్లవాడు క్రుంగుచున్నచో, కారణము ఆటలోనే ఉన్నదనుకొనక, మఱియొకచోట వెదకవలెను. అవసరమైనచో వైద్యుని సలహా తీసికొనవలెను.

మఱొక జాగ్రత్తయు కలదు. పైన చెప్పిన ఆటలన్నియు పిల్లలకు తగినవి కావు. ఆర్థర్ మోర్గన్ కథయు, జోయెల్, ఆబీల కథయు పెద్దలకొఱకు తయారైనవి. వానిలో రక్తపాతము మెండు. అమెరికాలో 1994 నుండి, ఐరోపాలో 2003 నుండి ఆటల పెట్టెమీద ఏ వయస్సువారికి తగునో గుర్తు వేయుచున్నారు. మన దేశమున అమ్ము ఆటలమీదను ఆ గుర్తులు తఱచుగా కనబడును. కొనునప్పుడు పుస్తకపు అట్ట చూచినట్లు ఆ గుర్తును చూచుట మంచిది. కరుణకును క్రౌర్యమునకును నడుమ గల భేదము పెద్దలకు తెలిసినంతగా పసివారికి తెలియదు.

మన పూర్వులు మరణమును పిల్లలకు దాచలేదు. బాలచంద్రుని కథయు, అభిమన్యుని కథయు ఉయ్యాలనాటినుండి వినిపించిరి. ఆ కథలు విన్న పిల్లవాడు ఏడ్చి, తాతను పట్టుకొని, "అట్లెందుకు జరిగినది?" అని అడిగెడివాడు. తాత చెప్పెడివాడు. నేటి కథకు తెర మాఱినది. బొమ్మ నాడించు చేయి పిల్లవానిదే అయినది. అందువలన వాని ప్రశ్న, "అట్లెందుకు జరిగినది?" అనుటతో నిలువక, "నేను వేఱుగా చేసియున్నచో ఆమె బ్రదికెడిదా?" అనుదాక పోవుచున్నది. ఈ రెండవ ప్రశ్న బరువైనది. ఆప్తులను కోల్పోయిన ప్రతి మనుష్యుడును ఎప్పుడో యొక రాత్రి తన్ను తాను అడుగుకొను ప్రశ్న యిది. చాలమందికి నడివయస్సులో వచ్చు ఈ ప్రశ్న నేటి బాలునకు పదునైదేండ్లకే, ప్రాణహాని లేని ఆటలో ఎదురగుచున్నది. వాడు ఆ ప్రశ్నతో మన యొద్దకు వచ్చిననాడు, కొన్ని మరణములు మన చేతిలో ఉండవనియు, కొన్నిటియందు మన పాలు ఉండుననియు, రెండింటికిని ఏడ్చుట తప్పు కాదనియు చెప్పుటకు పెద్దలకు వీలు కలుగవలెనని కోరుచు విరమించుచున్నాము.